సభలో నడిచిన పడవ

ఇవాళ పేపరు లోపలి పేజీలో ఒక చిన్న వార్త చూశాను. శాసనసభలో గొడవ జరిగి ప్రశ్నోత్తరాల సమయం సాగలేదట. ఆనాటి ప్రశ్నలన్నిటికీ జవాబులు ఇచ్చినట్టుగానే భావించాలని ప్రకటించి సభను వాయిదా వేశారట. పక్కనున్న సబ్బు ప్రకటన ఆ వార్త కంటే పెద్దది.

చదివి పేపరు మడిచాను. మళ్ళీ తీశాను. కాఫీ చల్లారిపోయింది. లేచి వసారాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరగడం మొదలుపెట్టాను.

"ఏంది, కాలుగాలిన పిల్లి మాదిరి తిరగతా ఉండారు?" అంది మా ఆవిడ.

ఏమీ లేదన్నాను. నిజానికి అట్లా తిరగడం నా అలవాటు కాదు. నేను కూర్చుని పనిచేసినవాణ్ణి. ఆ నడక ఆయనది.

ఆయన పేరు రాయను. అరవైలు మొదలయ్యే రోజుల్లో మా వైపు శాసనసభ్యుడు. నేను అప్పుడు కావలి తాలూకా ఆఫీసులో గుమాస్తాని. బిట్రగుంట రైల్వే కాలనీలో మా అన్నయ్య క్వార్టరులో ఉంటూ రోజూ పాసింజరు బండిలో కావలి వెళ్ళి వచ్చేవాణ్ణి. ఎమ్మెల్యే గారి ఊరు బిట్రగుంటకు పడమర, వరి పొలాల మధ్య. ఎక్కడికి వెళ్ళాలన్నా ఆయనా ఆ ప్లాట్‌ఫారం మీదికే రావాలి.

వచ్చినవాడు కూర్చోడు. స్టేషన్ మాస్టరు కుర్చీ వేయించినా కూర్చోడు. చంకలో గొడుగు, చేతిలో మూత తీసిన కలం, ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి నీళ్ళ పంపు దాకా, అక్కణ్ణించి వెనక్కి. ఆయనకు అర్జీ చెప్పుకోవాలంటే మనమూ నడవాలి. ముసలివాళ్ళు సగంలో ఆగిపోయి, ఆయన తిరిగి వచ్చేదాకా నిలబడి, మిగతా సగం చెప్పుకునేవాళ్ళు.

"అయ్యా, మా ఊరికి కరెంటు రాలేదయ్యా" అని ఒక రైతు అన్నాడనుకోండి.

"రాలేదని నాకు తెలుసు. వస్తుందని ఎవరన్నా అన్నారా?"

"అన్నారయ్యా, ఆ మధ్య ఇంజనీరు వచ్చినాడు."

"ఏ ఇంజనీరు? ఎప్పుడు? నీతో అన్నాడా, ఊరందరితోనా?"

"ఏందయ్యా, నన్ను కోర్టులో నిలబెట్టినట్టు అడగతా ఉండావు!"

"నిన్ను కాదబ్బా, నిలబెట్టేది మంత్రిని. నువ్వు నాకు మేకు ఇయ్యి, కొట్టేది నేను."

అంటూనే పేపరు అంచున ఉండే తెల్ల కాగితం చింపి దాని మీద రాసుకునేవాడు. ఆ చీలికలన్నీ మడిచిన గొడుగులో వేసుకునేవాడు. ఒకసారి వాన పడితే గొడుగు తెరవకుండా తడుస్తూ నిలబడ్డాడు. తెరిస్తే ప్రశ్నలు ఎగిరిపోతాయన్నాడు.

ఆయన సభలో ఉపన్యాసాలిచ్చే మనిషి కాదు. ఆయన ఆయుధం రాతపూర్వకంగా ఇచ్చే ప్రశ్న. ఫలానా విషయం వాస్తవమేనా, అయితే వివరాలేమిటి, కాకుంటే కారణాలేమిటి అని మూడు ముక్కలు రాసి ముందుగా పంపితే, మంత్రి సభలో లేచి జవాబు చెప్పి తీరాలి. ఆ జవాబు అచ్చయి శాశ్వతంగా ఉంటుంది. జవాబు విన్నాక అక్కడికక్కడే అనుబంధ ప్రశ్నలు కూడా వేయవచ్చు. మా ఎమ్మెల్యే లేచాడంటే మంత్రుల వెనక గ్యాలరీలో కూర్చున్న అధికారులు కాగితాలు సర్దుకునేవాళ్ళని చెప్పుకునేవారు.

"ఎందుకు అని మాత్రం అడగొద్దయ్యా" అనేవాడు నాతో. "ఎందుకు అంటే మంత్రికి పండగ. పావుగంట ఉపన్యాసం దంచుతాడు. ఎవరు, ఎంత, ఎప్పటికి. ఈ మూడే అడగాల. వీటికి ఉపన్యాసం అతకదు."

ఇంట్లోనూ అదే వరస. ఒక ఆదివారం ఏదో పని మీద వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన పెరట్లో తిరుగుతూ లోపలికి కేకేశాడు. "అన్నం ఉడికిన మాట వాస్తవమేనా? అయితే ఎప్పటికి వడ్డిస్తారు?"

లోపల్నించి ఆవిడ గొంతు: "ముందు కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చునే ఉద్దేశం తమకుందా? లేకుంటే తక్కిన ప్రశ్నలు ఉత్పన్నం కావు!"

నాతో ఆయన అంత చనువుగా ఉండటం ఒక రకంగా వింతే. ఎందుకంటే ఆ ప్రశ్నలకు జవాబులు పుట్టేది నా బల్ల మీద. హైదరాబాదులో ఆయన ఇచ్చిన ప్రశ్న కలెక్టరు ఆఫీసుకు వచ్చి, అక్కణ్ణించి ‘అతి జరూరు’ అని ఎర్ర కాగితం అంటించుకుని మా ఆఫీసుకు వచ్చేది. విచారించి నేను చిత్తు రాసేవాణ్ణి. తాసిల్దారు గారు దిద్దేవారు. అది ఒక్కో మెట్టే ఎక్కుతూ, ఒక్కో మెట్టు దగ్గర కొంచెం కొంచెం చిక్కిపోతూ, చివరికి మంత్రి నోటికి చేరేది. ఆయనకిది తెలుసు. "ఏమయ్యా జవాబూ!" అని పిలిచేవాడు నన్ను. కానీ ఏ ఫైలులో ఏముందని ఒక్కనాడూ అడగలేదు. "నిన్నడగను. నీ ఉద్యోగం నీకుండాల, నా ప్రశ్న నాకుండాల" అనేవాడు.

పోలమ్మ ఆయన్ని పట్టుకున్నది ఆ ప్లాట్‌ఫారం మీదే. ఎండలు ముదిరిన రోజులు. జువ్వలదిన్నె వైపు, కాలువకు అవతల, సముద్రం పక్కనున్న ఒక చిన్న పాలెం ఆమెది. బకింగ్‌హాం కాలువ దాటితేగాని రోడ్డు లేదు, స్టేషను లేదు, ఆస్పత్రి లేదు. రేవులో ఒకప్పుడు సర్కారు పడవ ఉండేది. తుపానులో పగిలి ఒడ్డున బోర్లా పడింది. అప్పటినుంచి చేపలమ్మే ఆడవాళ్ళు తల మీద గంపతో నడుం లోతు నీళ్ళలో నడిచి వచ్చేవాళ్ళు. చలికాలంలో కూడా వాళ్ళ చీరలు తడిగానే ఉండేవి. రైలు పెట్టెలో వాళ్ళు కూర్చున్న చోట నీళ్ళు నిలిచేవి.

గంప నెత్తి మీదే ఉంచుకుని ఆమె ఆయనతో సమంగా నడిచింది. ఇంకెవరూ అంత వేగంగా నడవడం నేను చూడలేదు.

"సామీ, నాకు కరెంటొద్దు, రోడ్డొద్దు. పడవ గావాల. కార్తీకానికి నా కోడలు నీళ్ళాడతాది. వానలు దిగితే కాలవ మనిషి లోతు. పోయినేడు నా కూతురికి నొప్పులొస్తే మంచం మీద గట్టు దాకా తెచ్చినాం. దాటేదానికి లేదు. గట్టు మీదనే పాయె. బిడ్డా పాయె."

ఆయన నడక ఆగింది. నడుస్తూ ఆయన ఆగడం నేనదే మొదటిసారి చూడటం.

"పడవ లేదని ఎవరికన్నా చెప్పినారా?"

"చెప్పని మడిసి లేడు. మునసబు, కరణం, ఆఫీసరు. వస్తాది వస్తాదంటారు. కార్తీకం గూడా వస్తాది సామీ, దాన్ని ఆపేదెవరు?"

కాగితం చీలిక గొడుగులోకి వెళ్ళింది.

కొన్నాళ్ళకు ఆ ప్రశ్న ఎర్ర కాగితంతో నా బల్ల మీదికి వచ్చింది. (అ) ఆ రేవులో ప్రభుత్వ పడవ ఉన్నదా? (ఆ) ఉంటే నడుస్తున్నదా? (ఇ) లేకుంటే ఎప్పటికి ఏర్పాటు చేస్తారు? నేను వెళ్ళి చూసి, పడవ పగిలి ఒడ్డున ఉన్నదని, నడవడం లేదని, వానలకు ముందే కొత్తది అవసరమని చిత్తు రాశాను. తాసిల్దారు గారు చదివి కళ్ళజోడు తీశారు. చెడ్డవాడు కాదు. పదవీ విరమణకు దగ్గరపడిన భయస్థుడు.

"పడవ ఒడ్డున ఉందంటివే. అంటే ఉన్నట్టే గదా?"

"పగిలి ఉందండీ."

"పగిలిందా అని అడగలేదు గదా ఆయన. ఉందా అన్నాడు. ఉంది."

"నడుస్తున్నదా అని కూడా అడిగారండీ."

ఆయన పాత ఫైలు తిరగేసి, కరణం ఎప్పుడో రాసిన నివేదిక చూపించారు. పడవ సక్రమంగా నడుస్తున్నదని అందులో ఉంది. "లేదని రాస్తే, ఇన్నాళ్ళూ ఏం చేసినారని అడగతారు. వద్దు నాయనా. ఉన్నదని ఉంటే అందరికీ నిమ్మళం" అని నా చిత్తు కొట్టేసి తన చేత్తో రాశారు. (అ) అవును. (ఆ) అవును. (ఇ) ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు.

అప్పట్లో రోజూ డైరీ రాసేవాణ్ణి. ఆ వారమంతా అందులో అదే. నిద్ర లేదని, అన్నం సయించలేదని. అయినా ఒక ధైర్యం ఉండేది. మంత్రి ఆ జవాబు చదవగానే మా ఎమ్మెల్యే లేస్తాడు. అనుబంధ ప్రశ్నలతో ఉతికి ఆరేస్తాడు. విచారణ వస్తుంది. నిజం బయటపడుతుంది.

పేపర్లో వచ్చింది వేరు. పడవ నడుస్తున్నదని మంత్రి చెప్పగానే మా ఎమ్మెల్యే లేచి, "చాలా సంతోషం" అని కూర్చున్నాడట. అంతే. తరవాతి ప్రశ్నకు వెళ్ళిపోయారట.

మర్నాడు ప్లాట్‌ఫారం మీద టీ కొట్టు దగ్గర అదే మాట.

"సంతోషమంట! ఎంత ముట్టిందో ఆ సంతోషానికి!"

"మంత్రి పదవి ఇస్తామనుంటారు. అందుకే నోరు పడిపోయింది."

పోలమ్మ తడి కొంగు పిండుకుంటూ అంది, "ఆయనకు సంతోషమే. ఆయన కోడలు కాలవలో నడిచేదేవన్నా ఉండాదా?"

నాకూ కోపం వచ్చింది. బండి వచ్చేదాకా నిలవలేక నేనూ అటూ ఇటూ తిరిగానని ఆనాటి డైరీలో ఉంది.

పదిరోజులు తిరక్కుండానే ఆయన మా ఆఫీసులో ప్రత్యక్షమయ్యాడు. తాసిల్దారు గారు లేచి కుర్చీ చూపించారు.

"కూర్చోండి, కూర్చోండి."

"పడవలో కూర్చుంటానండీ" అన్నాడు, కిటికీ దగ్గరికి నడుస్తూ. "మంత్రిగారు చెప్పినప్పటినుంచి ఒకటే కోరికగా ఉంది. మన కాలవలో సర్కారు పడవ నడుస్తా ఉంటే, నేనింతవరకు ఎక్కలేదు చూడండి."

తాసిల్దారు గారి మొహం పాలిపోయింది. "ఇప్పుడా? ఎండ గదండీ..."

"ఇప్పుడొద్దులేండి. అమావాస్య పోనిచ్చి వస్తాను. పత్రికల వాళ్ళొకరిద్దరు మేమూ వస్తామంటున్నారు, ఇంకా ఏం చెప్పలేదు. మంత్రిగారు సభలో చెప్పినమాట. అందులో తేడా ఉంటుందా? మీకు నమ్మకమేనా?"

"నమ్మకమేనండీ."

"నాకూ నమ్మకమే. అయితే ఇద్దరం కలిసే ఎక్కుదాం."

వెళ్తూ నా బల్ల దగ్గర క్షణం ఆగి, "ఏమయ్యా జవాబూ, ఒళ్ళు చిక్కినావే" అన్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. జవాబు అబద్ధమని నిరూపించడానికి ఆయన రాలేదు. దాన్ని నిజం చేయించడానికి వచ్చాడు.

ఆ తరవాత ఆఫీసులో ఎవరికీ కూడూ నీళ్ళూ లేవు. కొత్త పడవ కావాలని పైకి రాయడానికి లేదు. ఉన్న పడవకు పడవ ఎట్లా అడుగుతారు? మరమ్మతుల పద్దు కింద ఏదో సర్ది, ఉప్పు కొఠార్ల వాళ్ళు అప్పుడే కట్టించుకున్న ఒక గట్టి పడవ కొన్నారు. రేవుకు తెచ్చి చూస్తే అది నిగనిగలాడుతోంది. ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్న పడవ కదా మరి, అట్లా ఉంటే ఎట్లా? తాసిల్దారు గారు కావలి నుంచి మస్తాన్ సాయిబును పిలిపించారు. పడవలు, బండ్లు బాగుచేయడంలో అతనిది పేరున్న చెయ్యి.

"దీన్ని పాతది చెయ్యాల."

"ఏందయ్యా?"

"పాతది చెయ్యవయ్యా. ఏళ్ళ తరబడి నీళ్ళలో ఉన్నట్టు కనపడాల."

మస్తాన్ పడవ చుట్టూ ఒకసారి తిరిగాడు. "మా తాత కాలంనుంచి పాతవి కొత్తవి చేసినాం గానీ, ఈ పని చేసినోడు మా వంశంలో లేడు. కానీండి. రేపు నన్ను కూడా ముసలోణ్ణి చెయ్యమని మా ఇంటిదాన్ని పంపించకండి" అని, చేప నూనెలో మసి కలిపి పలకలకు పట్టించాడు. ఉలితో అక్కడక్కడ చెక్కాడు. బంకమన్ను మెత్తాడు. సాయంకాలానికి ఆ పడవకు ముసలితనం వచ్చింది.

అమావాస్య వెళ్ళాక ఆయన వచ్చాడు. పత్రికల వాళ్ళెవరూ లేరు. మేం నలుగురం, గెడ వేసేవాడు, ఒడ్డున పాలెం జనం. మునసబు ముందే వాళ్ళకు పాఠం చెప్పి ఉంచాడు. పడవ ఎప్పటినుంచో ఉందని అనకపోతే ఉన్నది కూడా పోతుందని.

ఆయన పడవ ఎక్కి మధ్యలో నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి, "ఎంత పాతదండీ! ఎంత బాగా కాపాడుకుంటున్నారు!" అన్నాడు. తాసిల్దారు గారు చెమట తుడుచుకున్నారు. మా ఎమ్మెల్యే ముఖంలో ఆటలో గెలిచిన పిల్లవాడి వెలుగు ఉంది. ఆ ఊపులోనే ఒడ్డున ఉన్న పోలమ్మను పలకరించాడు. మా అందరి ముందు ఆమెతో అనిపిస్తే ఇక ఈ పడవను ఎవరూ వెనక్కి తీసుకుపోలేరని ఆయన ఆలోచన. ఆమెకూ ఈ ఆట అర్థమయ్యే ఉంటుందనుకున్నాడు.

"ఏమ్మా, ఈ పడవ ఎప్పటినుంచి నడస్తా ఉంది?"

పోలమ్మ ఆయన వంక చూసింది. మునసబు దగ్గాడు.

"ఎప్పటినుంచో ఉండాది సామీ" అంది. "మేమే కళ్ళు లేక నీళ్ళలో నడిచినాం. కళ్ళు లేకనే నా బిడ్డను గట్టు మీద చంపుకున్నాం."

కాలువ నీళ్ళు పడవ పక్కలకు తగిలే చప్పుడు వినపడింది. ఎంతటి మంత్రి జవాబుకైనా మరో ప్రశ్న సిద్ధంగా ఉండే మనిషి, నోరు తెరిచి మూశాడు. ఆ తరవాత మెల్లగా పడవ బల్ల మీద కూర్చున్నాడు.

ఆయన కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారని అప్పుడు తట్టలేదు. అవతలి ఒడ్డుకు చేరి లేచినప్పుడు చూశాను. తెల్ల పంచె వెనక భాగమంతా పచ్చి మసి, చేప నూనె. ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్న పడవ రంగు ఆయన బట్టకు అంటుకుంది. గెడ వేసేవాడు నవ్వు ఆపుకున్నాడు. తాసిల్దారు గారు కాలువ వైపు తిరిగి నిలబడ్డారు. మా ఎమ్మెల్యే తుడుచుకోలేదు. ఆ పంచెతోనే పాలెం అంతా తిరిగి, ఆ పంచెతోనే స్టేషనుకు వచ్చి, బండి ఎక్కాడు.

కార్తీకంలో వానలు విరుచుకుపడ్డాయి. పోలమ్మ కోడలు మంచం మీద, మంచం పడవ మీద, కాలువ దాటింది. కావలి ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. ఆ సంగతి ఆయనకు నేనే చెప్పాను. "తల్లి?" అన్నాడు. బాగుందన్నాను. "బిడ్డ?" బాగుందన్నాను. ఇంకేం అడగలేదు.

ఎన్నికలు వచ్చాయి. ఎదుటివాళ్ళు పాలెంలో మీటింగు పెట్టి, సభలో వచ్చిన జవాబును అచ్చు కాగితం పట్టుకుని చదివారు. "పడవ తెచ్చినాడని ఎవరో అంటున్నారంట. పడవ ముందే ఉండాది! ప్రభుత్వమే చెప్పింది. మీ ఎమ్మెల్యేనే సంతోషం అన్నాడు. ఇంక ఆయన తెచ్చిందేంది?" ఆయన జవాబు చెప్పుకోలేదు. ఓడిపోయాడు. పాలెం వాళ్ళు ఎవరికి వేశారో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

తరవాత ఒక పొద్దున ప్లాట్‌ఫారం మీద కనిపించాడు. గొడుగుంది, కలం లేదు. వెనక అర్జీలవాళ్ళు లేరు. నడక మాత్రం అదే. నేను పక్కన నడిచాను.

"ఒక్క మాట చెప్పి ఉంటే పోయేది కదండీ" అన్నాను.

"ఏం చెప్పాల? మంత్రి సభలో అబద్ధం చదివినాడు, నేను తెలిసి సంతోషం అన్నానని చెప్పాలా?" అన్నాడు. "ఆ రోజు లేచి అడిగుంటే విచారణ వేసేవాళ్ళు. విచారణకు రెండేళ్ళు. ఆ పిల్ల కానుపుకు రెండు నెలలు. అందుకే అడగలేదు. మళ్ళీ అయినా అడగను. అయినా నిద్ర పట్టదయ్యా. అన్నేళ్ళలో నేనడిగిన ప్రశ్నల్లో కళ్ళెదుట పని జరిగింది ఆ ఒక్కదానికే. అది కూడా నేను అడక్కుండా కూర్చున్నందుకు. పైగా ఆమె చేత అట్టా అనిపించినాను."

నీళ్ళ పంపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాం. బండి వచ్చింది. ఆయన ఎక్కలేదు. ఎక్కడికీ వెళ్ళడానికి రాలేదని అప్పుడు తెలిసింది నాకు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నేనూ రిటైరయ్యాను. ఇవాళ ఆ వార్త చదివాక ఇంట్లో నిలవలేక, బస్సెక్కి కాలువ దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడక్కడ వంతెన ఉంది. వంతెన మొదట్లో చేపల గంప దించుకుని ఒక నడివయసు ఆవిడ కూర్చుని ఉంది. పొడి చీర.

"అమ్మా, ఇక్కడ ముందు పడవ ఉండేది కదా?" అన్నాను.

"ఉండేది సామీ, సర్కారు పడవ. మా జేజి, మా నాయనమ్మ నాటినుంచీ ఉండాది. ఒక్కనాడన్నా నిలిచింది లేదంట."

ఎవరన్నారు, ఎప్పుడన్నారు అని నోటి దాకా వచ్చింది. ఆవిడ నా మొహంలోకి చూస్తోంది, చేపలు బేరం చేస్తానేమోనని.

"సంతోషమమ్మా" అన్నాను. అని, అక్కడ నిలవలేక, వంతెన ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాను.